నాలుగో కాగితం

“ఆ గ్లాసు కాదు. నీది అటు పెట్టాను,” అంది అత్తగారు.

వంటగది గట్టు చివర, సబ్బుపెట్టె పక్కన, ఒంటరిగా ఒక స్టీలు గ్లాసు. నిన్నటిదాకా ఆ ఇంట్లో ఎవరి గ్లాసు ఏదో ఎవరికీ తెలియదు.

కోడలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎనిమిదో నెల కడుపు గట్టుకి ఆనుతోంది.

“నాకేమీ లేదత్తయ్యా. అసలు పరీక్షే జరగలేదు.”

“అదేగా నేనడిగేది! ఎందుకు జరగలేదు? వద్దని నువ్వే సంతకం పెట్టావని క్లినిక్కులో కాగితం చూపించారు. దాచుకోవాల్సిందేం లేకపోతే వద్దని ఎందుకు రాసిచ్చావు?”

“నేను రాసివ్వలేదు.”

“మరి నీ సంతకం దానంతటది నడిచొచ్చి కాగితం మీద పడుకుందా?”

వారం రోజులుగా ఇదే ప్రశ్న. ఇదే జవాబు.

గుమ్మంలో భర్త బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఐదు నిమిషాలుగా అదే లేసు. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఇరుక్కుపోయినా పదినిమిషాల్లో మనుషుల్ని బయటికి తీసే మెకానిక్ అతను. సొంతింట్లో మాత్రం తలుపు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.

“నువ్వు కూడా నమ్మడం లేదు కదూ?” అంది కోడలు.

“నేనేమన్నాను?”

“అదే. ఏమీ అనలేదు.”

అతను లేచాడు. “బయట ఏదైనా ల్యాబ్‌లో చేయించేసుకుందాం. నీకూ మనశ్శాంతి, అమ్మకీ మనశ్శాంతి.”

“నాకు తెలుస్తుంది, సరే. మరి ఆసుపత్రి? ఇన్సూరెన్స్ కంపెనీ క్లినిక్కులో చేసిన రిపోర్టు లేకపోతే కాన్పు ఖర్చుకి కంపెనీ ఒప్పుకోదు. వద్దని రాసిచ్చినవాళ్ళకి ఆ క్లినిక్కు మళ్ళీ పరీక్ష చెయ్యదు. మా ఫ్యాక్టరీలో కాజాల అక్కకీ ఇదే చెప్పారు. ఐదో నెల ఆవిడకి. ఆవిడా వద్దందట! ఇద్దరం మతిమరుపువాళ్ళమా?”

“కాజాల అక్క సంగతి మనకెందుకు?” అంది అత్తగారు. దిండు గలీబులు బల్ల మీద పరుచుకుని కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. రిటైరై మూడేళ్ళయినా చేతిలో మైనపు సుద్ద ఉంటే తప్ప ఊపిరాడదు. గలీబు మూల మీద గుర్తు వేసింది. పొట్టి అడ్డగీత, పొడుగు నిలువుగీత, దాని చివర కొక్కెంలా చిన్న తోక. “ఆ జబ్బు పేరు ఈ ఇంట్లో వినపడటమే మొదటిసారి.”

“ఆ జబ్బుకి పేరుంది. హెచ్‌ఐవీ. ఉంటే మందులున్నాయి. ముందే తెలిస్తే కడుపులో బిడ్డకి రాకుండా కాపాడొచ్చని క్లినిక్కులో కౌన్సిలరమ్మే చెప్పింది. తెలియకపోతేనే ప్రమాదం. నాకు మిగిలింది నెలన్నర అత్తయ్యా. గ్లాసులతో అంటుకోదు అది.”

సుద్ద ఆగింది. మళ్ళీ కదిలింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇస్త్రీ చొక్కాలో బావగారు దిగాడు. ఆ ఫ్యాక్టరీలోనే వెల్ఫేర్ ఆఫీసరు. ఇంకా పెళ్ళి చేసుకోలేదు. “వాడు కంపెనీని కట్టుకున్నాడు, నాకు ఆ కోడలు జీతం తెస్తుంది,” అని అత్తగారు నవ్వుతూ చెప్పుకుంటుంది. ముందుగదిలో గోడ మీద, అద్దం కట్టించిన ప్రశంసాపత్రం అతనిదే. ‘లైను ఒక్క పూటా ఆగని సంవత్సరం.’

“పొద్దున్నే ఏంటమ్మా ఈ గొడవ?” అన్నాడు తల్లితో. కోడలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. ఈ వారంలో ఆమెతో మెత్తగా మాట్లాడింది అతనొక్కడే. “పదకొండింటికి ఇన్సూరెన్స్ మేడం ఫ్యాక్టరీకి వస్తోంది. నువ్వు పట్టుబట్టావని ఒరిజినల్ కాగితాలు కూడా తెస్తోంది. ఎందుకమ్మా ఇదంతా? ‘సంతకం నాదే, తెలియక పెట్టాను, క్షమించండి’ అని రెండు ముక్కలు రాసిచ్చెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను.”

“అలా రాస్తే, వద్దన్నది నేనేనని ఒప్పుకున్నట్టే కదా బావగారూ?”

“ఒప్పుకుంటే ఏం పోతుంది?”

ఆమె గట్టు చివరనున్న స్టీలు గ్లాసు వైపు చూసింది. ఆ చూపు చాలు. బావగారు గడియారం చూసుకున్నాడు.

“నేనూ వస్తాను,” అంది అత్తగారు ఉన్నట్టుండి. “ముప్ఫయ్యేళ్ళు కత్తెర పట్టిన చోటు అది. అక్కడ నా ఇంటి పరువేమవుతుందో నా కళ్ళతో చూస్తాను.”

“నువ్వెందుకమ్మా ఎండలో!” అన్నాడు బావగారు. కాస్త గట్టిగానే అన్నాడు.

* * *

ఫ్యాక్టరీలో కోడల్ని అందరూ ‘బాణం’ అంటారు. చెకింగ్ బల్ల ఆమెది. కుట్టు తప్పిన చోట, మరక పడ్డ చోట, గుండీ వంకరైన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం ఆమె పని. ఎనిమిదేళ్ళలో ఆమె చేతిలోంచి తప్పు చొక్కా ఒక్కటీ బయటికి పోలేదని పేరు.

“మీ బావ పొద్దుటినుంచి ఆఫీసుకీ గేటుకీ తిరుగుతున్నాడు, మగ్గంలో నాడెలాగ,” అంది కాజాల అక్క. చొక్కాలకి గుండీ కాజాలు కుట్టే మిషను ఆమెది. నోరు కూడా అదే వేగంతో నడుస్తుంది. “భయపడుతున్నావా?”

“చేతులు చల్లబడ్డాయి.”

“నావి తీసుకో. మిషను దగ్గర కూర్చున్నవి, కాలుతున్నాయి.” ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “నేను ఒక్కటే చెప్తా. నా జీవితంలో నేను దేనికీ వద్దనలేదు. ఉచితంగా ఇస్తామంటే అసలే అనను.”

బాణం నవ్వింది. వారంలో మొదటి నవ్వు.

పదకొండింటికి ట్రైనింగ్ గదిలో పొడవాటి బల్ల. ఒక చివర మేనేజరు, అతని పక్కన బావగారు. ఎదురుగా ఇన్సూరెన్స్ మేడం. ఆమె గోనెలాంటి గుడ్డసంచీ బల్ల మీద ధబ్బున పెట్టింది. గోడవారగా అత్తగారు, ఆవిడ పక్కన భర్త. ఇరుక్కున్న లిఫ్టొకటి వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు అలాగే ఉంది. తలుపు దగ్గర టీ విరామానికి లేచిన ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు.

“తొందరగా కానిద్దాం. లైను ఆగుతుంది,” అన్నాడు మేనేజరు.

మేడం ఒక కాగితం తీసి బాణం ముందుకు జరిపింది. “ఇది నీ ఒరిజినల్. ‘గర్భిణిగా నాకు హెచ్‌ఐవీ పరీక్ష అక్కర్లేదు’ అని ఉంది. కింద సంతకం. నిజం చెప్పు, ఇది నీదేనా?”

బాణం వంగి చూసింది.

వారంగా ఆమె అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది. నాది కాదు, ఎవరో దొంగ సంతకం పెట్టారు. క్లినిక్కు ఇచ్చిన నకలు మసగ్గా ఉంది, సగం గీతలు కనపడలేదు. ఒరిజినల్‌లో అన్నీ కనపడుతున్నాయి. చివరి అక్షరం కింద ఆమె అలవాటుగా పెట్టే రెండు చుక్కలు కూడా.

“నీదేనా?”

“నాదే,” అంది.

భర్త తల దించుకున్నాడు. “అనుకున్నా,” అని అత్తగారు గొణగడం అందరికీ వినపడింది.

“పోనీండి మేడం,” అన్నాడు బావగారు జాలిగా. “చిన్నపిల్ల. తెలియక పెట్టింది. క్షమాపణ పత్రం నేను రాయించి పంపిస్తాను. ఇక్కడితో…”

“ఒక్క నిమిషం,” అంది బాణం.

చొక్కా ముందువైపు బాగుందంటే ఆమె ఎప్పుడూ నమ్మలేదు. లోపలిది బయటికి తిప్పి చూస్తుంది. కాలరు నుంచి మొదలుపెట్టి కింది అంచు దాకా. కాగితాన్ని కూడా అలాగే చేతిలోకి తీసుకుంది. వెనక ఏమీ లేదు. ముందుకి తిప్పింది. కింది నుంచి పైకి వెళ్ళింది. అన్నిటికన్నా పైన, కుడి మూల, టైపు చేసిన తేదీ.

నకలులో ఈ తేదీ లేదు. నకలు తీసేటప్పుడు పై అంచు మడతపడిందేమో అనుకుంది అప్పుడు.

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. జేబులోంచి స్టిక్కర్ల చుట్ట తీసి, ఒక ఎర్ర బాణం ఊడదీసి, సరిగ్గా ఆ తేదీ పక్కన అంటించింది.

“ఇదేంటి?” అన్నాడు మేనేజరు.

“తప్పు ఇక్కడుంది సార్. ఈ కాగితం వయసు పదకొండు నెలలు. నాకిప్పుడు ఎనిమిదో నెల. అంటే కడుపు రాకముందే, గర్భిణిగా నాకు పరీక్ష వద్దని నేను రాసిచ్చానన్నమాట. నాకు అంత ముందుచూపు ఉంటే ఈ చెకింగ్ బల్ల దగ్గర ఎందుకుంటాను?”

మేడం కళ్ళజోడు సవరించుకుంది. సంచీలోంచి మిగతా కట్ట తీసింది. బాణం కాగితంతో కలిపి నలభై ఒకటి. ఒక్కొక్కటీ తిప్పుతూ పోయింది. తిప్పే వేగం పెరిగింది.

“అన్నిటికీ ఒకే తేదీ,” అంది చివరికి.

“నాది చూడండి మేడం!” కాజాల అక్క గుంపుని తోసుకుంటూ వచ్చింది. “నాకు ఐదో నెల. ఆ తేదీకి నేను పుట్టింట్లో అలిగి కూర్చున్నాను. మా ఆయన మొహం చూడటమే లేదు. ఇంక కడుపెక్కడిది, పరీక్షెక్కడిది!”

గదంతా గొల్లున నవ్వింది. మేనేజరు బల్ల చరిచాడు. ఎవరూ ఆగలేదు.

“సంతకాలు మావే మేడం,” అంది బాణం. “ఎలా పెట్టామో ఇప్పుడు గుర్తొచ్చింది. ఇన్సూరెన్స్‌లో చేరిన రోజు, కట్ చేసిన ముక్కల కట్టలు వచ్చినట్టే కాగితాల కట్టలూ లైను మీదికే వచ్చాయి. చదవడానికి మిషను ఆపితే వెనక పది మిషన్లు ఆగుతాయి. గుర్తు ఎక్కడుంటే అక్కడ సంతకం పెట్టి పక్క మిషనుకి తోసేశాం. నాలుగు కాగితాలు, నాలుగు సంతకాలు. ఇది నాలుగోది.”

“మా ఫారం మూడు కాగితాలే,” అంది మేడం మెల్లిగా. “పరీక్ష వద్దనే కాగితం క్లినిక్కులో కౌన్సిలర్ మాత్రమే తీసుకోవాలి. ఎదురుగా కూర్చుని, అంతా వివరించి చెప్పాక, అప్పటికీ వద్దంటేనే. ఫ్యాక్టరీలో ఎవరూ పంచకూడదు.” ఆమె కట్ట పక్కకి పెట్టింది. “ఇప్పటిదాకా క్లినిక్కు తిప్పి పంపింది తొమ్మిది మందిని. అందులో ముగ్గురికి కాన్పులు కూడా అయిపోయాయి. పరీక్ష లేకుండానే.”

నవ్వులు ఆగిపోయాయి. తలుపు దగ్గర ఒకామె, విరామంలో పాలివ్వడానికి తెచ్చుకున్న బిడ్డని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

మేడం కలం తీసింది. కట్ట మీది మొదటి కాగితానికి అడ్డంగా గీత కొట్టింది. రెండోదానికి. మూడోదానికి. నలభై ఒకటీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. గీత గీతకీ కలం చేసే కరకర శబ్దం తప్ప గదిలో ఇంకేమీ లేదు.

“రద్దు,” అంది. “కాన్పు అనుమతులన్నీ ఈ రోజే ఇస్తున్నాను. కౌన్సిలర్ గంటలో ఇక్కడికొస్తుంది. కాన్పయినవాళ్ళకీ పరీక్ష చేస్తారు, అవసరమైతే వాళ్ళ పిల్లలకీ. పాలసీలో ఉన్నట్టే, పరీక్షకి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఆ పూట జీతంతో సెలవు.”

“అంతమంది ఒకేసారి లేస్తే లైను?” అన్నాడు మేనేజరు.

“ఆపండి.”

ఎవరో పరుగెత్తారు. కాసేపటికి, పక్క హాల్లో ఒక్కో మిషనూ గొంతు తగ్గించుకుంటూ ఆగిపోయింది. పని గంటల్లో ఆ భవనంలో అంత నిశ్శబ్దం ఎనిమిదేళ్ళలో బాణం ఎప్పుడూ వినలేదు. మరుక్షణం ఆ నిశ్శబ్దాన్ని బద్దలు కొడుతూ ఆడవాళ్ళ కేకలు, చప్పట్లు. కాజాల అక్క ఆమెని వాటేసుకోబోయి కడుపులు అడ్డం రావడంతో భుజాలు మాత్రం ఊపేసింది.

“రిపోర్టులు రేపు వస్తాయి కదా,” అన్నాడు బావగారు. మొహం తుడుచుకున్నాడు. “అన్నీ వెల్ఫేర్‌కి పంపించండి మేడం. నేను పంచుతాను.”

“వద్దు,” అంది బాణం. “నా కవరు నా చేతికే రావాలి. అందరివీ అంతే.”

“మన ఇంట్లో దాపరికాలెందుకమ్మా? లేదని రేపు అందరి ముందూ చెప్పేస్తే ఒక్క మాటతో పోతుంది కదా నింద!”

“చెప్పను బావగారూ. ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పను. నేను లేదని చాటించుకుంటే, చాటించుకోని ప్రతి మనిషినీ ఎల్లుండి నుంచి మీరు అనుమానంగా చూస్తారు. వాళ్ళ గ్లాసులు కూడా వేరు చేస్తారు.”

అత్తగారు కొంగు సర్దుకుంది.

గోడ దగ్గర భర్త కదిలాడు. గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ మేడం ముందుకొచ్చి నిలబడ్డాడు. “భర్తలకి కూడా చేస్తారా అండీ?”

“చేస్తారు.”

“నన్నూ రాసుకోండి.” భార్య వైపు తిరిగాడు. మాట కోసం వెతికాడు. “నువ్వు చెప్పింది వారం కిందటే నమ్మి ఉండాల్సింది.”

“అవును,” అంది ఆమె. “ఉండాల్సింది.” కానీ అతని చొక్కా చేతి మడత విప్పి సరిచేసింది. బల్ల మీది తన సీసా తీసి నీళ్ళు రెండు గుక్కలు తాగి, అతనికి అందించబోయింది.

“ఇక మిగిలింది ఒక్కటే,” అంది మేడం. “ఈ నాలుగో కాగితం కట్టలోకి ఎవరు చేర్చారు?”

“మీ ఆఫీసు నుంచి సీలు కవర్లో ఎలా వచ్చాయో అలాగే పంచాం మేడం,” అన్నాడు బావగారు వెంటనే. “ఇక్కడ ఎవరూ విప్పలేదు. నాది పూచీ.”

బాణం తన కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. సీలు కవరైతే, సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తు ఎవరు వేశారు? కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టింది. సంతకం పక్కన, నీలంగా, మైనపు సుద్ద జాడ. గుడ్డ మీదైతే ఇస్త్రీ వేడికి కరిగి మాయమవుతుంది. కాగితాన్ని ఎవరు ఇస్త్రీ చేస్తారు?

పొట్టి అడ్డగీత. పొడుగు నిలువుగీత. చివర కొక్కెంలా చిన్న తోక.

పొద్దున దిండు గలీబు మీద చూసిన గుర్తు. ఆ ఇంట్లో ప్రతి పరదా అంచునా ఉన్న గుర్తు. కటింగ్ హాల్లో ముప్ఫయ్యేళ్ళు జేబుల చోటు చూపించిన గుర్తు.

ఆమె తలెత్తింది. అత్తగారు ఆమెనే చూస్తోంది. ఆవిడ మొహంలో రంగు లేదు.

“ఏమైనా కనపడిందా?” అంది మేడం.

ఎర్ర బాణం ఆమె వేలి చివర సిద్ధంగా ఉంది. ఒక్క స్టిక్కరు. గట్టు చివర పెట్టిన గ్లాసుకి, వారం రోజుల మాటలకి, అన్నిటికీ ఒకేసారి జవాబు.

ఆమె స్టిక్కరుని తిరిగి చుట్టకి అంటించేసింది.

“కనపడింది మేడం. కానీ అది నేను చెప్పాల్సింది కాదు.”

“అయితే అయిపోయినట్టే కదా!” బావగారు కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాడు.

“కూర్చో,” అంది అత్తగారు.

గోడ పట్టుకుని లేచింది. నడిచొచ్చింది. ఒకప్పుడు ఆ అడుగుల చప్పుడుకి హాలంతా సర్దుకునేది. తలుపు దగ్గర పాతవాళ్ళు అలవాటు చొప్పున పక్కకి జరిగారు. ఆవిడ కోడలి ముందు ఆగి, చెయ్యి చాచింది.

“గొంతు ఎండిపోయింది. ఆ నీళ్ళిలా ఇవ్వు.”

“అత్తయ్యా, నేను తాగినవి…”

“చూశాను. ఇవ్వు.”

సీసా అందుకుంది. మూతి నోటికి ఆనించుకుని, అందరూ చూస్తుండగా, ఖాళీ అయ్యేదాకా తాగింది. పెదాలు తుడుచుకుంది. బల్ల మీద కాగితాలన్నిటినీ చేత్తో పరిచింది, గుడ్డ పరిచినట్టు.

“ఈ గుర్తులు నావి మేడం. నలభై ఒకటీ నేనే వేశాను, మా ఇంట్లో, మా బల్ల మీద. నాకు చదువు రాదు. గుర్తు వెయ్యడం వచ్చు. ‘అమ్మా, వీటికి కూడా వేసిపెట్టు, సంతకాలు త్వరగా అయిపోవాలి, పరీక్షలనీ సెలవులనీ ఆడవాళ్ళు లేచిపోకూడదు, నా కుర్చీ దీని మీదే ఉంది’ అంటే వేశాను. ఏ పరీక్షలని అడగలేదు. ఆ పాపం నాది. వారంగా ఈ పిల్లని నేను అన్న మాటలూ నావే.”

“ఎవరన్నారమ్మా ఆ మాట?” మేడం కలం కాగితానికి ఆనింది. “ఎవరు తెచ్చారు వీటిని మీ ఇంటికి?”

“అమ్మా,” అన్నాడు బావగారు. “అమ్మా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

ఆవిడ అతని వైపు చూడలేదు. కోడలి భుజం మీద ఒక చెయ్యి వేసింది. రెండో చెయ్యి ఎత్తింది. ఒక్క గీత కూడా వంకర పోనివ్వని ఆ వేలు బల్ల అవతలికి సూటిగా చాచింది.

“మీ ఎదురుగా కూర్చున్న వెల్ఫేర్ సారు,” అంది. “నా పెద్దకొడుకు.”